అదురుగడ

భయాన్ని మీట నొక్కి పుట్టించవచ్చని నేను మొదట తెలుసుకున్నది నా కడుపులోనే. విశాఖలో మా పరిశోధనశాల నేలమాళిగలో ఇనుపరేకు పరిచి, చెప్పులు విప్పి దాని మీద నిలబడమన్నారు నా గురువు సదాశివం గారు. భయమేస్తే చెయ్యెత్తు, ఆపేస్తానన్నారు. భయమేమిటి, ముందు నాకు నవ్వొచ్చింది. చప్పుడు లేదు, బల్ల మీది టీ గ్లాసు కూడా కదల్లేదు. ఆయన మీట నొక్కారు. పేగులు మెలిపెట్టినట్టయింది, ఒళ్ళంతా జలదరించింది, కింది దవడ ఎడమపక్క పన్ను జివ్వుమని లాగింది. చెయ్యెత్తాలన్న సంగతే గుర్తులేదు. తెలివి తెచ్చుకుని చూసుకుంటే మెట్లన్నీ ఎక్కేసి వీధి గేటు దగ్గరున్నాను, వట్టికాళ్ళతో. వాచ్‌మన్ నన్ను వింతగా చూస్తున్నాడు.

కిందికి దిగొచ్చాక ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఆయన మొహం చంటిపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది.

"సైరన్‌ని చెవి వింటుంది దమయంతీ. చెవి విన్నాక బుర్ర ఆలోచిస్తుంది, పక్కింటివాణ్ణి అడుగుతుంది, వీధిలోకొచ్చి సముద్రం వైపు తొంగి చూస్తుంది. ఈలోగా నీళ్ళొచ్చేస్తాయి. దీన్ని కాళ్ళు వింటాయి. కాళ్ళు ఎవర్నీ అడగవు," అన్నారు.

సముద్రం అడుగున నేల విరిగినప్పుడు, కెరటం కంటే ఎంతో ముందుగా సన్నటి అదురొకటి నేలలోంచి వచ్చేస్తుంది. మన చెవులకది అందదు. కుక్కలూ ఆవులూ కట్లు తెంపుకునేది దానికేనని ఆయన నమ్మకం. ఆ అదురుని పట్టుకుని, పెంచి, మనిషి అరికాళ్ళలోకి ఎక్కించే స్తంభం ఆయన కనిపెట్టారు. పన్ను సంగతి చెప్తే, అది యంత్రంలో ఉన్న చిన్న లోపమనీ, అసలైన అదురులో ఆ జివ్వు ఉండదనీ, తర్వాతెప్పుడైనా చూద్దామనీ అన్నారు.

నా పేరు మైలపల్లి దమయంతి. మాది శ్రీకాకుళం తీరంలో గవ్వలపేట, ఊరంతా వాడబలిజలమే. మా అయ్య దానయ్య చేపల వేటకెళ్ళేవాడు, మా అమ్మ పోలమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలమ్మేది. నేను నేల గురించి చదువుకుని సదాశివం గారి దగ్గర చేరాను. ఆయన దగ్గరే పరిశోధన, ఆయన దగ్గరే ఉద్యోగం. వాళ్ళావిడ నాకు కూడా క్యారేజీ కట్టి పంపేది. ఆయన్ని నేనెప్పుడూ దేవుడనుకోలేదు, మనిషనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

తీరం వెంబడి ఏ ఊరికి సునామీ ముప్పు ఎంతుందో తేల్చి, ఆ ఊరివాళ్ళని సిద్ధం చెయ్యడం మా పని. మా ఊరి వెనక సరుగుడు తోటలో గొట్టం దింపి మట్టి పైకి లాగితే, నల్లమట్టి మధ్యలో తెల్లటి సముద్రపు ఇసుక పొర ఒకటి తేలింది. ఎవరికీ గుర్తులేని కాలంలో ఎప్పుడో కెరటం అంతదూరం వచ్చి ఇసుక పరిచి వెళ్ళిందన్నమాట. ఒకసారి వచ్చింది మళ్ళీ వస్తుంది. నీళ్ళు ఏ ఇంటిదాకా వస్తాయో, ఎంతసేపట్లో వస్తాయో లెక్క కట్టేశాం. నీటి లెక్క తేలిందమ్మా, మనిషి లెక్కే తేలడం లేదు అనేవారు సదాశివం గారు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఊరి ఆచారం ఒకటి మాటల్లో వచ్చింది. మా ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. ఎవరైనా అడిగితే పక్కనున్నవాళ్ళ చేత చెప్పిస్తారు. ఒక్కప్పుడే పలుకుతారు. సముద్రం తేడా చేసి, మగవాళ్ళు వేటలో ఉండిపోతే, ఒడ్డుకి పరుగెత్తి పాదాలు నీళ్ళలో పెట్టి మొగుడి పేరు పెట్టి గట్టిగా పిలుస్తారు. ఆ పిలుపుతో గంగమ్మ తల్లి మనిషిని వదిలేస్తుందని నమ్మకం. అంటే భయమేస్తే మీ ఊళ్ళో ఆడవాళ్ళు సముద్రం వైపు పరుగెడతారన్నమాట, అన్నారాయన. అవును సార్ అన్నాను. కలిపిన అన్నం ముద్ద ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది. మా ఊరి మాటని ఇంత శ్రద్ధగా వింటున్నారు కదా అని నేను మురిసిపోయాను. నా మొహం!

ఆ ఏడే గవ్వలపేటలో స్తంభాలు పాతాం. మావాళ్ళు వాటికి అదురుగడలని పేరు పెట్టారు. కులపెద్ద సూరాడ ఎర్రయ్య మావ గడ చుట్టూ తిరిగి చూసి, మన దమయంతి పాతించిందంటే మన మంచికేనన్నాడు. సముద్రం అడుగున అమర్చిన పరికరాలకి గడల్ని కలిపే పని ఇంకా మిగిలి ఉందనీ, అది పూర్తయ్యాక ఊరందరినీ కూర్చోబెట్టి వివరంగా చెప్తామనీ సదాశివం గారు నాతో అన్నారు. నేను అదే మాట మావాళ్ళతో అన్నాను.

ఆ పని పూర్తికాకముందే, సెలవు పెట్టి నేను ఇంటికెళ్ళిన రోజున, అదయింది.

పొద్దెక్కింది. మగవాళ్ళు వేటలో ఉన్నారు. మా అమ్మ వాకిట్లో కూర్చుని కవ్వళ్ళ చేపలకి పొలుసు తీస్తోంది. చేతిలో కత్తి జారిపడింది. నా కడుపులో పేగులు మెలిపెట్టాయి. ఊళ్ళో కుక్కలన్నీ ఒక్కసారి మొదలెట్టాయి. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు బయటపడ్డారు, ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. కాళ్ళు విన్నాయి. విని, సముద్రం వైపు పరుగెత్తాయి. వాళ్ళతోపాటు నేనూ పరుగెత్తాను. ఇంత చదువు చదివి, సరుగుడు తోటలో ఇసుక పొర నా చేత్తో తీసి, తుఫాను షెల్టరు దిబ్బ మీద ఉందని తెలిసి కూడా, మా అమ్మ వెనకాలే నీళ్ళలోకి దిగాను.

అప్పుడు విన్నాను మా అయ్య పేరు మా అమ్మ నోట. "దానయ్యా! ఓ దానయ్యా!" అని. ఆ గొంతు మా అమ్మదేనా అనిపించింది. ఒడ్డు పొడవునా పేర్లు. ఎప్పుడూ బయటికి రాని పేర్లన్నీ ఒక్కసారిగా గాల్లోకి లేచాయి.

సముద్రం లోపల పడవల్లో ఉన్నవాళ్ళకి మా మాటలు వినపడవు. ఒడ్డున బారులు తీరిన ఆడవాళ్ళు మాత్రం కనిపించారు. ఆడవాళ్ళు అలా నిలబడ్డారంటే ఊళ్ళో ఏదో కొంప మునిగిందని వాళ్ళకి తెలుసు. వలలు కోసేసి ఇంజన్లు పూర్తి జోరు మీద పెట్టి వచ్చారు. ఒడ్డు దగ్గర కెరటాలు విరిగే చోట ఎవరైనా ఆగి, రెండు కెరటాల మధ్య సందు చూసుకుని పడవ నడుపుతారు. మా అయ్యకంటే బాగా ఆ సందు కనిపెట్టేవాడు ఊళ్ళో లేడు. ఆరోజు ఆగలేదు. మా అమ్మ నిలబడ్డ వైపే తిన్నగా వచ్చాడు. పడవ అడ్డం తిరిగింది, కెరటం ఎత్తి దాన్ని బోర్లా కొట్టింది. మా కళ్ళముందే.

సముద్రం అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంది. ఏ కెరటమూ రాలేదు. అయ్యని ఇసుక మీద పడుకోబెట్టారు. అమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. ఏడుస్తూ ఏడుస్తూ నోరు పిడచగట్టి నాలుక తిప్పాను. కింది దవడ ఎడమపక్క పన్ను ఇంకా లాగుతోంది.

దినాలయ్యాక విశాఖ వెళ్ళి ఆయన గదిలో నిలబడ్డాను. ఎందుకు నొక్కారని అడిగాను. ఏం నొక్కడం అన్నారు. పన్ను జివ్వుమంది సార్ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత అబద్ధమాడలేదు, అదొక్కటే మెచ్చుకోవాలి. ముందు చెప్పి పెడితే అది పరీక్ష కాదట. తెలిసిన భయం భయమే కాదట. మా ఆచారం గెలుస్తుందో అదురు గెలుస్తుందో తెలియకపోతే ఇలాంటి ఊళ్ళన్నిటికీ గడలు పనికొస్తాయో లేదో తేలదట. గడలు మనుషుల అడుగుల అదురు కూడా పట్టుకుంటాయి, ఎవరెటు పరుగెత్తారో అంతా ఇక్కడ కనిపిస్తుంది. మరి నేనక్కడ ఉన్నప్పుడే ఎందుకు నొక్కారన్నాను.

"యంత్రం సంగతి తెలిసిన మనిషి కూడా పరుగెడుతుందా అని చూడాల్సొచ్చిందమ్మా," అన్నారు నెమ్మదిగా. "దానయ్య గారి విషయం నా జన్మలో మర్చిపోను. కానీ ఇది బయటపెట్టకు. భయాన్ని తయారుచెయ్యొచ్చని మీవాళ్ళకి తెలిస్తే, నిజంగా వచ్చిననాడు కూడా ఇది యంత్రమేలే అని కూర్చుంటారు. అప్పుడు పోయేది ఒక్క ప్రాణం కాదు."

ఆ లెక్క సరిగ్గానే ఉంది. అదే నా ఒళ్ళు మండించింది. మా అయ్యని చంపి, ఆ సంగతి దాచడం కూడా నా బాధ్యతే అన్నట్టు నా నెత్తిన పెట్టారు. ఉద్యోగానికి అక్కడే స్వస్తి చెప్పి బస్సెక్కాను. బస్సులో కూర్చుని కుళ్ళికుళ్ళి ఏడ్చాను.

అమ్మకి మాత్రం దాచలేకపోయాను. పన్ను సంగతి, మీట సంగతి అంతా చెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని విన్నది.

"ఇన్నేళ్ళు కాపురం సేసినాను. ఆ పేరు నా నోట్లో దాసుకున్నాను," అంది. "సచ్చేలోపల ఒక్కపాలి పిలుస్తానో నేదో అనుకునీదాన్ని. ఎవుడో మీట నొక్కితే ఒచ్చీసింది."

మర్నాటికి ఊరందరికీ తెలిసింది. కుర్రాళ్ళు గడ్డపారలు తీసుకుని గడల మీదికి బయల్దేరారు. వాళ్ళకి అడ్డం నిలబడ్డది ఎవరనుకున్నారు? నేనే. ఆయన మోసగాడు గానీ ఇసుక పొర మోసం కాదు, కెరటం వచ్చి తీరుతుంది, అదొచ్చిన రోజున గడ ఒక్కటే మనల్ని నిలబెడుతుందని గొంతు చించుకున్నాను. ఎర్రయ్య మావ చాలాసేపు ఆలోచించి, సారుని పిలిపించి సముద్రం నీళ్ళ మీద ఒట్టు వేయిద్దామన్నాడు.

మా ఊళ్ళో అంతకుమించిన కాగితం లేదు. దోసిట్లో సముద్రం నీళ్ళు పట్టుకుని గంగమ్మ గుడి ముందు మాటిస్తే, ఆ మాట తప్పినవాడు మళ్ళీ పడవెక్కకూడదు, ఎక్కితే తిరిగి రాడు. పడవెక్కేవాడికి అది ప్రాణం మీది ఒట్టు. సదాశివం గారు పడవెక్కే మనిషి కాదన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. నాకు కూడా.

ఆయన వచ్చారు. పంచె కట్టుకుని వచ్చారు. నీళ్ళు పట్టి, ఇకముందు ఊరికి చెప్పకుండా మీట నొక్కనని, గడలు అదిరాయంటే అది సముద్రమేనని మాటిచ్చారు. అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే అమ్మ వెనక్కి జరిగింది. వెళ్ళేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, పన్ను సంగతి ఊళ్ళో ఎంతమందికి తెలుసని అడిగారు. అందరికీ తెలుసన్నాను. తలూపి కారెక్కారు. నాతో మనసు విప్పి మాట్లాడుతున్నారనుకున్నాను, వెర్రిదాన్ని.

తర్వాత నేను ఊళ్ళోనే ఉండిపోయాను. సముద్రపు పరికరాలతో గడల్ని కలిపారు. నేను వాడవాడా తిరిగి ఆడవాళ్ళని కూర్చోబెట్టి చెప్పాను. పన్ను లాగితే యంత్రం, లాగకపోతే సముద్రం. సముద్రమైతే ఒడ్డుకి రావద్దు. లోతునీళ్ళలో ఉన్న పడవని కెరటం ఏమీ చెయ్యదు, కింద నుంచి జారిపోతుంది, మనం ఒడ్డున నిలబడి పిలిస్తేనే వాళ్ళు చచ్చేది. దిబ్బెక్కాలి, షెల్టరుకి పోవాలి. వినడానికి విన్నారు గానీ, పిలవకుండా ఎలా అని ప్రతి ఒక్కతీ అడిగింది. పిలవకుండా పైకెళ్ళిన ఆడదాని మొగుడికి ఏమైనా అయితే, ఆ ఆడది ఇంక ఊళ్ళో తలెత్తుకోగలదా?

వానలు తగ్గి వేట బాగా సాగుతున్న రోజుల్లో మళ్ళీ వచ్చింది. అదే మెలిక, అదే జలదరింపు. ఆడవాళ్ళంతా ఇళ్ళలోంచి వచ్చి, ఒడ్డు వైపు ఒక అడుగు వేసి, నావైపు తిరిగి నిలబడ్డారు. వాళ్ళ కాళ్ళు ఆగడం నేను కళ్ళారా చూశాను. అలాంటి భయంలో ఆగడమంటే మాటలు కాదు.

"ఏటే? ఇది సముద్రమేనా?" అంది అమ్మ.

నాలుకతో పన్ను నొక్కి చూసుకున్నాను. నొప్పి లేదు. మళ్ళీ చూసుకున్నాను. ఏమీ లేదు.

"సముద్రమేనమ్మా," అన్నాను.

అయినా ఎవరూ కదల్లేదు. ఒకామె నీళ్ళవైపు చూస్తూ పెదాలు కదిలిస్తోంది. అప్పుడు అమ్మ ముందుకొచ్చి గట్టిగా అంది. "నాకు పిలడానికి పేరు నేదు. నాను పైకెల్తన్నాను. నా మొకం సూసి మీరూ రండి. మీ మగోలు బతికుండాలంటే నోరు మూసుకుని రండి." వెనక్కి చూడకుండా దిబ్బెక్కింది. ఆమె వెనక ఒక్కొక్కరే కదిలారు. నోటికి కొంగులడ్డం పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, మొగుళ్ళ పేర్లు గొంతులోనే మింగుకుంటూ ఎక్కారు. ముసలివాళ్ళని వీపున మోశారు. ఒడ్డున ఒక్కరు మిగల్లేదు.

షెల్టరు మేడ మీద అందరం ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని సముద్రాన్ని చూస్తూ నిలబడ్డాం. నా ఫోను మోగింది. సదాశివం గారు. కెరటం ఎంత ఎత్తో, ఎంతసేపట్లో వస్తుందో అందరూ వినాలని స్పీకరు పెట్టాను.

"దమయంతీ! ఒక్క మనిషి కూడా ఒడ్డుకి వెళ్ళలేదమ్మా!" ఆయన గొంతు వణుకుతోంది, సంతోషంతో. "అందరూ పైకే. మీ అమ్మగారు ముందు కదిలినట్టున్నారు కదూ? యంత్రం ఒక్కటే చెయ్యలేనిది నువ్వు చేసి చూపించావు. ఊరు నమ్మే మనిషి ఒక్కరుంటే చాలు, ఇంక ఏ ఊళ్ళోనైనా..."

"కెరటం ఎంతసేపట్లో సార్?" అన్నాను.

నాలుకతో పన్ను ఇంకోసారి నొక్కి చూసుకున్నాను.

"పన్ను నొప్పి రాలేదు సార్."

"అది సరిచేశానమ్మా," అన్నారు. "లోపమని మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను కదా."

అమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుంది. దాన్ని గంపలా రెండు చేతులతో పట్టుకుని అడిగింది. "బాబూ, దోసిట్లో నీల్లు పట్టేవు కదా నువ్వు."

"అమ్మా, అవి వట్టి నీళ్ళేనమ్మా. నేను చూసింది మీ ప్రాణాలు. మీ మేలు కోరి..."

"ఉంకొక్క మాట సెప్పు. సముద్రం నిజంగా వొచ్చిననాడు నాకెలగ తెలుస్తాది?"

ఆయన ఈసారి కూడా అబద్ధమాడలేదు. "అప్పుడు కూడా ఇలాగే ఉంటుందమ్మా. తేడా ఏమీ ఉండదు," అన్నారు.

"అయితే ఆనాడు నాను నెగను, కూకున్నకాడే కూకుంటాను," అంది అమ్మ. ఫోను నాకిచ్చేసింది.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇందాక పెదాలు కదిలించినామె నన్ను దాటుకుంటూ వెళ్ళి, మెట్ల దగ్గర ఆగి, "నీ మాట మీద నా మొగుణ్ణి పిలకుండా ఒచ్చీసినాను దమయంతీ," అని మాత్రం అంది. నేను తల దించుకున్నాను. నేను చేసిన తప్పేమిటో నాకు తెలీదు, కానీ ఆమె మొహంలోకి చూడలేకపోయాను. ఆయన మీట నొక్కింది గడలో కాదు, నాలో. నా మాట మీద ఊరికున్న నమ్మకాన్ని ఆయన యంత్రంలో ఒక భాగంగా బిగించుకున్నాడు. ఊరు నమ్మే మనిషి ఉంటే చాలన్న ఆయన మాటలో నిజముంది, అందుకే ఇంత అసహ్యంగా ఉంది.

సాయంత్రానికి పడవలొచ్చాయి. అందరూ క్షేమంగా వచ్చారు. ఖాళీ ఒడ్డుని చూసి ఊరే పోయిందనుకున్నారట, ఎర్రయ్య మావ పడవలోనే కూలబడిపోయాడట. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆడవాళ్ళు పెద్దవల లాగే తాడు తెచ్చి ఒడ్డు పక్క గడకి కట్టారు. మగవాళ్ళు కూడా వచ్చి పట్టుకున్నారు.

ఆ గడ ఏం చేస్తుందో ఊళ్ళో నాకొక్కదానికే పూర్తిగా తెలుసు. ఏదో ఒకరోజు అది నిజం చెప్తుంది. ఆరోజు అది లేకపోతే ఏమవుతుందో, నీళ్ళు ఏ ఇంటిదాకా వస్తాయో నేనే లెక్క కట్టాను. మా ఇల్లు ఆ లెక్కలో ఉంది. అడ్డం నిలబడడానికి నోరు తెరిచాను. ఏ ముఖం పెట్టుకుని చెప్పను? నమ్మండని అడగడానికి నా దగ్గర ఏం మిగిల్చాడు?

అమ్మ తాడు పట్టుకుని నావైపు చూసింది. పక్కకి జరిగి చోటిచ్చింది. వెళ్ళి ఆమె వెనకాల పట్టుకున్నాను.

తాడు లాగేటప్పుడు మావాళ్ళు ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. ఆరోజు ఎవరూ ఎత్తుకోలేదు. అమ్మ ఒక్కతే, పళ్ళ బిగువున, ప్రతి లాగుకీ "దానయ్యా" అంది. ఈసారి ఎవరూ ఆమె చేత అనిపించలేదు. రెండో లాగుకి మిగతా ఆడవాళ్ళు కూడా వాళ్ళ వాళ్ళ పేర్లు అందుకున్నారు, మగవాళ్ళు పక్కన ఉండగానే. గడ మొదలు దగ్గర ఇసుక పగిలింది. గడ వంగింది. సముద్రం మా వెనకాల ఉంది, ఎవ్వరం తిరిగి చూడలేదు.